బీజగణితం మొదటి నుంచి: ప్రతి మెట్టుకూ ఏ నియమం అనుమతి ఇస్తోంది?

“ప్లస్ అవతలికి పోతే మైనస్ అవుతుంది, గుణకారం అవతలికి పోతే భాగహారం అవుతుంది.” బడిలో బీజగణితం చదివినవాళ్లలో ఈ మాట వినని వాళ్లు తక్కువ. నేనూ అలాగే నేర్చుకున్నాను. కొన్నాళ్లు లెక్కలు బాగానే వచ్చాయి. తర్వాత ఒక పరీక్షలో “ఒక సంఖ్యకు 3 రెట్లు 12” అనే తేలికైన లెక్కకు 12 నుంచి 3 తీసేసి, జవాబు 9 అని రాసి వచ్చాను. 3 అవతలికి పోయింది, గుర్తు మార్చాను, మరి తప్పెక్కడ? ఇది అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. అసలు సంగతి ఏమిటంటే, బీజగణితంలో ఏదీ అవతలికి పోదు. పోయినట్టు కనిపిస్తుంది, అంతే. వెనక జరిగే పని వేరే ఉంది.

అందుకే ఈ మార్గదర్శిలో షార్ట్‌కట్‌లను చివరికి ఉంచి, నియమాలతో మొదలుపెడతాను. అవి ఎన్నో లేవు, వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ప్రతి మెట్టు దగ్గరా “ఇలా మార్చడానికి ఏ నియమం ఒప్పుకుంది?” అని అడుగుతూ పోతే టెన్షన్ తగ్గుతుంది, తప్పులూ తగ్గుతాయి. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం వచ్చి, భిన్నాలతో కాస్త పరిచయం ఉంటే చాలు. పక్కన పెన్ను, కాగితం పెట్టుకోండి. ఊరికే చదివితే ఇది వంటబట్టదు.

మొదటి మెట్టు: ఖాళీ గడికి పేరు పెట్టడం

“ఏదో ఒక సంఖ్యకు 7 కలిపితే 15 వచ్చింది” అనే మాటను చిన్న తరగతుల్లో ఖాళీ గడి గీసి రాస్తారు: □ + 7 = 15. ఆ గడికి ఒక పేరు పెడితే బీజగణితం మొదలైనట్టే. గడి ఒక్కటే అయితే పేరు లేకపోయినా నడుస్తుంది. రెండు మూడు వేర్వేరు గడులు వస్తే ఏది ఏదో చెప్పడానికి పేర్లు తప్పవు.

పాఠ్యపుస్తకాల్లో ఆ పేర్లు ఎక్స్, వై. తెలియని రాశులకు రోమన్ అక్షరమాలలోని చివరి అక్షరాలు, తెలిసినవాటికి మొదటి అక్షరాలు వాడే పద్ధతి 1637లో ఫ్రెంచి గణితవేత్త డెకార్ట్ పుస్తకంతో స్థిరపడింది. అంతకు దాదాపు అయిదు వందల ఏళ్ల ముందు, 1150 ప్రాంతంలో, భాస్కరాచార్యుడు మొదటి తెలియని రాశిని ‘యావత్తావత్’ అన్నాడు. ఎంతైతే అంత అని దాని అర్థం. ఆ తర్వాతివాటికి కాలక, నీలక, పీతక అని రంగుల పేర్లు పెట్టి, మొదటి అక్షరాలు యా, కా, నీ, పీ వాడాడు. నేనిక్కడ ఆ దారిలోనే తెలియని సంఖ్యకు ‘య’ అని రాస్తాను. ఏ సంఖ్యలకైనా వర్తించే నియమం చెప్పేటప్పుడు క, గ, చ వాడతాను. మీ పుస్తకంలో ఎక్స్ ఉంటే య ఉన్నచోటల్లా ఎక్స్ అని చదువుకోండి. లెక్కలో ఏమీ మారదు.

రాసే పద్ధతిలో కొన్ని ఒప్పందాలున్నాయి. 3 × య అని రాయకుండా 3య అని రాస్తాం. 1య అని రాయం, య చాలు. య × య ను య² అనీ, య ÷ 4 ను య/4 అనీ రాస్తాం. ఇక్కడ కొత్తవాళ్లు పడే గుంట ఒకటుంది. య విలువ 5 అయితే 3య అంటే 15, 35 కాదు. అంకెలు పక్కపక్కన ఉంటే స్థానాలు, అంకె పక్కన అక్షరం ఉంటే గుణకారం.

కొన్ని పేర్లు కూడా చూసుకుందాం, పరీక్షల్లో అడుగుతారు. య లాగా విలువ మారగలిగేది చరరాశి. 7, −4 లాంటివి స్థిరరాశులు. 7య − 4 అనేది ఒక సమాసం. అందులో 7య, −4 రెండు పదాలు. 7య లో 7 గుణకం. పదం అంటే ముందున్న గుర్తుతో కలిపి అని గమనించండి. రెండో పదం 4 కాదు, −4. ఈ చిన్న అలవాటు ముందు ముందు ఎన్నో తప్పులను ఆపుతుంది.

ఇంకో మాట. అక్షరం వస్తువుకు పేరు కాదు, సంఖ్యకు పేరు. “పె అంటే పెన్ను, 3పె అంటే మూడు పెన్నులు” అని చెప్పడం చాలాచోట్ల విన్నాను. చెప్పడానికి సులువే కానీ, పె² దగ్గరికి వచ్చేసరికి పెన్నును పెన్నుతో గుణించాల్సి వస్తుంది! పె అంటే పెన్నుల సంఖ్య అనుకుంటే ఎక్కడా ఇబ్బంది రాదు.

రెండో మెట్టు: మాటలను గుర్తుల్లోకి మార్చడం

సమీకరణాలు సాధించడం వచ్చినా మాటల లెక్క రాగానే చాలామంది ఆగిపోతారు. కారణం ఈ మెట్టును తొందరగా దాటేయడమే. కొన్ని మాటలు చూద్దాం.

ఒక సంఖ్య కంటే 5 ఎక్కువ: య + 5
ఒక సంఖ్య కంటే 5 తక్కువ: య − 5
5 నుంచి ఒక సంఖ్యను తీసివేస్తే: 5 − య
ఒక సంఖ్య రెట్టింపు కంటే 3 ఎక్కువ: 2య + 3
ఒక సంఖ్యకు 3 కలిపి, వచ్చినదాన్ని రెట్టింపు చేస్తే: 2(య + 3)
ఒక సంఖ్యలో మూడో వంతు: య/3

రెండోదీ మూడోదీ ఒకటి కావు. య విలువ 8 అనుకుంటే రెండోది 3, మూడోది −3. అలాగే నాలుగు, అయిదు వాక్యాలకు తేడా ముందు ఏ పని చేశారన్నదే. రెట్టింపు ముందు చేస్తే బ్రాకెట్ అక్కర్లేదు. కలపడం ముందు చేస్తే, కలిపిన మొత్తాన్ని ఒక మూటగా కట్టడానికి బ్రాకెట్ కావాలి. అనుమానం వస్తే య స్థానంలో 10 వేసి వాక్యాన్ని నోటితో లెక్కకట్టండి. “10 రెట్టింపు 20, దానికంటే 3 ఎక్కువ 23.” మీరు రాసిన సమాసం కూడా 23 ఇస్తే సరిగ్గా రాసినట్టే.

మూడో మెట్టు: నియమాలు

ఈ నియమాలు కొత్తవి కావు. నోటిలెక్కలు చేసేటప్పుడు పేరు తెలియకుండానే వాడుతుంటాం.

స్థిత్యంతర న్యాయం: క + గ = గ + క, అలాగే క × గ = గ × క. కొన్ని పుస్తకాల్లో దీన్నే వినిమయ న్యాయం అంటారు. చోటు మారినా ఫలితం మారదు. కూడికకు, గుణకారానికి మాత్రమే ఇది చెల్లుతుంది. 9 − 4, 4 − 9 ఒకటి కావు. 8 ÷ 2, 2 ÷ 8 కూడా ఒకటి కావు.

సహచర న్యాయం: (క + గ) + చ = క + (గ + చ). గుణకారానికీ ఇంతే. ఏ రెండింటిని ముందు కలిపినా ఒకటే. 25 × 37 × 4 చేయమంటే తెలివైనవాళ్లు ముందు 25 × 4 = 100 చేసి, 3700 అనేస్తారు. ఆ ఒక్క క్షణంలో స్థిత్యంతర, సహచర న్యాయాలు రెండూ పనిచేశాయి. తీసివేతకు ఇది కూడా చెల్లదు. (10 − 6) − 3 = 1, కానీ 10 − (6 − 3) = 7.

మరి తీసివేత ఉన్నచోట పదాల చోట్లు మార్చలేమా? మార్చవచ్చు, ఒక ఉపాయం ఉంది. తీసివేతను రుణసంఖ్యను కలపడంగా చదవాలి. య − 5 అంటే య + (−5). ఇప్పుడది కూడిక కాబట్టి −5 + య అని తిప్పి రాయవచ్చు. గుర్తు పదానికి అంటిపెట్టుకుని ఉంటుందని పైన అన్నది ఇందుకే. భాగహారానికీ ఇలాంటిదే: 4 తో భాగించడం అంటే 1/4 తో గుణించడం.

తత్సమాంశాలు: 0 కలిపితే ఏ సంఖ్యా మారదు, 1 తో గుణిస్తే ఏ సంఖ్యా మారదు. ఇంత తేలికైనదానికి నియమం ఎందుకని అనిపిస్తుంది. సమీకరణాల దగ్గర దీని విలువ తెలుస్తుంది.

విలోమాలు: ప్రతి సంఖ్యకూ, కలిపితే 0 వచ్చే జత ఉంటుంది. 7 కు −7, −4 కు 4. ఇది సంకలన విలోమం. 0 కాని ప్రతి సంఖ్యకూ, గుణిస్తే 1 వచ్చే జత ఉంటుంది. 3 కు 1/3, 2/5 కు 5/2. ఇది గుణకార విలోమం. నా పరీక్షలో జరిగిన తప్పు ఇప్పుడు చూడండి. 3య లో 3 గుణకారంగా ఉంది. దాన్ని తొలగించేది గుణకార విలోమం, అంటే 1/3. నేను సంకలన విలోమాన్ని, అంటే −3 ను తెచ్చి వాడాను. వేరే తాళానికి వేరే తాళంచెవి పెట్టినట్టు.

విభాగ న్యాయం: క(గ + చ) = కగ + కచ. కూడికను, గుణకారాన్ని కలిపే నియమం ఇదొక్కటే. అందుకే బీజగణితంలో సగం పని దీని మీదే నడుస్తుంది. 98 × 7 ను (100 − 2) × 7 = 700 − 14 = 686 అని చేస్తే విభాగ న్యాయం వాడినట్టే. బొమ్మ గీస్తే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. వెడల్పు క, పొడవు గ + చ ఉన్న దీర్ఘచతురస్రం గీసి, మధ్యలో నిలువు గీత పెట్టండి. రెండు చిన్న దీర్ఘచతురస్రాలు వస్తాయి. వాటి వైశాల్యాలు కగ, కచ. మొత్తం మారలేదు, ముక్కలయింది అంతే.

“మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ ఎందుకు?” అనే పాత ప్రశ్నకు కూడా జవాబు ఇక్కడే ఉంది. 628లో బ్రహ్మగుప్తుడు ధనం, రుణం, శూన్యం అనే మాటలతో ఈ గుణకార నియమాలు రాశాడు. మనం ఇప్పటికీ ధనసంఖ్య, రుణసంఖ్య అంటున్నాం. రెండు రుణాలను గుణిస్తే ధనం వస్తుందన్నది ఎవరో పెట్టిన ఆచారం కాదు. మిగతా నియమాలన్నీ నిలవాలంటే అలాగే ఉండి తీరాలి. చూడండి:

(−3) × 0 = 0
0 కు బదులు 4 + (−4) రాద్దాం: (−3) × (4 + (−4)) = 0
విభాగ న్యాయం వాడితే: (−3) × 4 + (−3) × (−4) = 0
మొదటి ముక్క −12. కాబట్టి: −12 + (−3) × (−4) = 0

−12 కు ఏది కలిపితే 0 వస్తుంది? 12 ఒక్కటే. అందుకే (−3) × (−4) = 12. దీన్ని ఒకసారి మీ చేత్తో రాసి చూడండి. “గుర్తుపెట్టుకోవాల్సిన” విషయాల జాబితాలోంచి ఒకటి శాశ్వతంగా తగ్గిపోతుంది.

నాలుగో మెట్టు: సమాసాన్ని సూక్ష్మీకరించడం

సమాసం అంటే గుర్తుల్లో రాసిన ఒక సంఖ్య. దాని విలువ మార్చకుండా రూపం చిన్నది చేయడమే సూక్ష్మీకరణ. సజాతి పదాలను, అంటే ఒకే చరరాశి ఒకే ఘాతంతో (య² లో పైన ఉన్న 2 లాంటి చిన్న అంకెతో) ఉన్నవాటిని, కలపవచ్చు. 4య + 3య = 7య. ఇది కూడా విభాగ న్యాయమే: (4 + 3)య. ఆ నియమాన్ని కుడి నుంచి ఎడమకు చదివామంతే.

3య + 5 ను 8య అనలేం. 3 కు, 5 కు ఉమ్మడిగా బయటకు తీయడానికి య లేదు, రెండోదానికి య లేనేలేదు. 2య + య² కూడా అంతే, అవి విజాతి పదాలు. అలాగే ఉంచేయాలి. జవాబు ఒక్క పదంగా రాకపోతే లెక్క పూర్తి కాలేదేమో అన్న కంగారుతోనే చాలామంది వీటిని బలవంతంగా కలిపేస్తారు. 3య + 5 పూర్తి జవాబే.

ఇప్పుడు ఒక పూర్తి ఉదాహరణ: 7య − 2(య − 4) + 3.

బ్రాకెట్ ముందున్నది 2 కాదు, −2. దాన్ని లోపలి రెండు పదాలకూ పంచాలి. −2 × య = −2య. −2 × −4 = +8.

7య − 2య + 8 + 3
= 5య + 11

ఎక్కువ మంది తప్పు చేసేది ఆ +8 దగ్గర, −8 అని రాస్తారు. పదాన్ని గుర్తుతో సహా చూస్తే ఆ తప్పు జరగదు. బ్రాకెట్ ముందు ఒట్టి మైనస్ ఉంటే అక్కడ −1 ఉన్నట్టు చదవండి: 9 − (య − 2) = 9 − య + 2 = 11 − య.

చేసింది సరైనదో కాదో చూసుకోవడానికి ఎవరినీ అడగనక్కర్లేదు. య కు ఒక విలువ ఇచ్చి రెండు రూపాలూ లెక్కకట్టండి. య = 3 అయితే మొదటి రూపం 21 − 2 × (−1) + 3 = 26. చివరి రూపం 15 + 11 = 26. సరిపోయింది. ఈ పరీక్షకు 0, 1, 2 వాడకండి. 0 వేస్తే య ఉన్న పదాలన్నీ మాయమవుతాయి. 1 వేస్తే య, య² ఒకటే అవుతాయి. 2 వేస్తే 2య, య² రెండూ 4 అవుతాయి. తప్పు ఉన్నా బయటపడదు. 3, 5 మంచివి. రెండు విలువలు సరిపోతే ఇక నిశ్చింతగా ముందుకు పోవచ్చు. సరిపోకపోతే మాత్రం ఎక్కడో తప్పు జరిగినట్టు ఖాయం.

(య + 3)² దగ్గర ఆగాలి. ఇది య² + 9 కాదు. వర్గం అంటే దాన్నే దానితో గుణించడం:

(య + 3)(య + 3) = య(య + 3) + 3(య + 3) = య² + 3య + 3య + 9 = య² + 6య + 9

విభాగ న్యాయాన్ని రెండుసార్లు వాడాం, కొత్త సూత్రం ఏమీ లేదు. య బదులు 100 వేస్తే 103² = 10000 + 600 + 9 = 10609. మధ్యలో ఆ 600 మరిచిపోతే ఎంత తేడా వస్తుందో చూడండి. ఘాతాల విషయానికి వస్తే, య² × య³ = య⁵. రెండు య లు, మూడు య లు వరుసగా రాస్తే అయిదు య లు గుణకారంలో ఉంటాయి కాబట్టి.

సరదాకి ఒకటి చేయండి. ఎవరినైనా ఒక సంఖ్య అనుకోమనండి. రెట్టింపు చేసి, 10 కలిపి, సగం చేసి, మొదట అనుకున్నది తీసేయమనండి. మిగిలింది 5 అని చెప్పేయండి. (2య + 10)/2 − య = య + 5 − య = 5. య మాయమైపోయింది, అందుకే వాళ్లేం అనుకున్నా మీకు పట్టింపు లేదు. 10 బదులు ఇంకో సంఖ్య చెబితే అందులో సగం మిగులుతుంది. ఇలాంటివి మీరే తయారు చేయవచ్చు.

అయిదో మెట్టు: సమీకరణం

సమాసంలో సమానం గుర్తు ఉండదు. రెండు సమాసాలు సమానమని చెబితే అది సమీకరణం. 3య − 4 సమాసం, 3య − 4 = 17 సమీకరణం. సమాసాన్ని సూక్ష్మీకరిస్తాం, సమీకరణాన్ని సాధిస్తాం. ఏ విలువ పెడితే ఆ మాట నిజమవుతుందో కనుక్కోవడమే సాధన.

= గుర్తును రాబర్ట్ రికార్డ్ అనే వెల్ష్ గణితవేత్త 1557లో మొదలుపెట్టాడు. రెండు సమాంతర రేఖల కంటే సమానమైనవి ఏముంటాయని ఆయన ఇచ్చిన కారణం. ఆ గుర్తును “జవాబు ఇదిగో” అని చదివే అలవాటు మనలో ఉంది. దాన్ని మానుకోవాలి. అది త్రాసు ముల్లు. రెండు పళ్లేలూ సమంగా ఉన్నాయని చెబుతుంది. ఒక పళ్లెంలో ఏం చేస్తే రెండో పళ్లెంలోనూ అదే చేయాలి. నియమం అంతే.

య + 7 = 15 తీసుకుందాం. +7 ను తొలగించాలి. దాని సంకలన విలోమం −7 ను రెండు వైపులా కలుపుదాం:

య + 7 + (−7) = 15 + (−7)
య + 0 = 8
య = 8

మధ్య వరుస చూశారా? విలోమం 0 ఇచ్చింది, తత్సమాంశం ఆ 0 ను మాయం చేసింది. ఆ వరుసను రాయకుండా దూకితే 7 గుర్తు మార్చుకుని కుడివైపుకు నడిచినట్టు కనిపిస్తుంది. పక్షాంతరం అనే షార్ట్‌కట్ అదే. వెనక ఏం జరుగుతోందో తెలిసినంతకాలం వాడుకోండి, తప్పులేదు. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో ఉన్న అల్ ఖ్వారిజ్మీ తీసివేతలో ఉన్న పదాన్ని రెండు వైపులా కలిపి పూరించే పనిని ‘అల్ జబ్ర్’ అన్నాడు. ఆల్జీబ్రా అన్న మాట అక్కడి నుంచే వచ్చింది.

3య − 4 = 17 లో రెండు పనులున్నాయి. య ను ముందు 3 తో గుణించారు, తర్వాత 4 తీశారు. విప్పేటప్పుడు వెనక నుంచి రావాలి, చెప్పులు విప్పాకే సాక్సు విప్పినట్టు. రెండు వైపులా 4 కలిపితే 3య = 21. రెండు వైపులా 3 తో భాగిస్తే య = 7.

య రెండు వైపులా ఉంటే:

5(య − 2) = 2య + 11
5య − 10 = 2య + 11 (విభాగ న్యాయం)
3య − 10 = 11 (రెండు వైపులా 2య తీసేశాం)
3య = 21 (రెండు వైపులా 10 కలిపాం)
య = 7

సరిచూద్దాం. ఎడమవైపు 5 × 5 = 25. కుడివైపు 14 + 11 = 25. సరిచూసేటప్పుడు ఎప్పుడూ మొట్టమొదటి సమీకరణంలోనే విలువ పెట్టాలి. మధ్య వరుసలో పెడితే దానికి ముందు చేసిన తప్పు దొరకదు.

భిన్నాలు కనిపిస్తే భయపడకండి, మొదటి వరుసలోనే వాటిని వదిలించుకోవచ్చు. హారాల కనిష్ఠ సామాన్య గుణిజంతో (క.సా.గు.తో) రెండు వైపులా గుణించండి:

(య + 1)/3 − (య − 2)/4 = 2

3, 4 ల క.సా.గు. 12. కుడివైపు 2 ను కూడా 12 తో గుణించాలి, ఇది తరచూ మరిచిపోయేదే.

4(య + 1) − 3(య − 2) = 24
4య + 4 − 3య + 6 = 24
య + 10 = 24
య = 14

భిన్నం గీత కూడా ఒక బ్రాకెట్ లాంటిదే. 12 తో గుణించగానే య − 2 చుట్టూ బ్రాకెట్ పెట్టకపోతే +6 కాస్తా −2 అయిపోతుంది. సరిచూస్తే 15/3 − 12/4 = 5 − 3 = 2.

కొన్నిసార్లు య పూర్తిగా మాయమవుతుంది. 2(య + 3) = 2య + 5 ను విప్పితే 6 = 5 అని తేలుతుంది. మీరు తప్పు చేయలేదు. ఏ విలువ పెట్టినా అది నిజం కాదని, సాధన లేదని అర్థం. 2(య + 3) = 2య + 6 అయితే 6 = 6 వస్తుంది. ఏ విలువ పెట్టినా నిజమే. దాన్ని సర్వసమీకరణం అంటారు.

ఒక్క ప్రమాదం గురించి హెచ్చరించాలి. 5య = 3య ను రెండు వైపులా య తో భాగిస్తే 5 = 3 వస్తుంది, సాధన లేదనిపిస్తుంది. నిజానికి య = 0 సాధనే. 0 కు గుణకార విలోమం లేదని పైన చెప్పుకున్నాం. య విలువ 0 కావచ్చు కాబట్టి దానితో భాగించడానికి ఏ నియమమూ అనుమతి ఇవ్వదు. రెండు వైపులా 3య తీసేయండి, 2య = 0 వస్తుంది, అక్కడి నుంచి య = 0.

ఆరో మెట్టు: మాటల లెక్కలు

మొదట య అంటే ఏమిటో ఒక పూర్తి వాక్యంగా రాయండి. “య = కొడుకు” అని కాదు, “య = కొడుకు ఇప్పటి వయసు, సంవత్సరాల్లో” అని. లెక్కలో సగం చిక్కులు ఈ ఒక్క వాక్యంతో పోతాయి.

తండ్రి వయసు కొడుకు వయసుకు 4 రెట్లు. 20 ఏళ్ల తర్వాత 2 రెట్లు అవుతుంది. ఇప్పుడు వాళ్ల వయసులెంత? కొడుకు వయసు య అయితే తండ్రిది 4య. 20 ఏళ్లకు ఇద్దరికీ 20 కలుస్తుంది. తండ్రికి మాత్రమే కలిపేవాళ్లున్నారు, జాగ్రత్త.

4య + 20 = 2(య + 20)
4య + 20 = 2య + 40
2య = 20
య = 10

కొడుక్కి 10, తండ్రికి 40. ఇరవై ఏళ్లకు 30, 60. మాటలతో సరిపోయింది.

దేనికి య అని పేరు పెడతామన్నది మన ఇష్టం. బాగా ఎంచుకుంటే లెక్క చిన్నదవుతుంది. వరుసగా వచ్చే మూడు సంఖ్యల మొత్తం 72 అంటే, మొదటిది య అనుకుని య + (య + 1) + (య + 2) రాయవచ్చు. మధ్యది య అనుకుంటే (య − 1) + య + (య + 1) = 3య = 72, వెంటనే య = 24. సంఖ్యలు 23, 24, 25.

దీర్ఘచతురస్రం చుట్టుకొలత 48, పొడవు వెడల్పు రెట్టింపు కంటే 3 ఎక్కువ అంటే వెడల్పు య, పొడవు 2య + 3. చుట్టుకొలత 2(3య + 3) = 48. ఇక్కడ విప్పే ముందు రెండు వైపులా 2 తో భాగిస్తే అంకెలు చిన్నవవుతాయి: 3య + 3 = 24, య = 7. పొడవు 17. ప్రశ్న పొడవు అడిగితే 7 రాసి వదిలేయకండి.

మీరు చేయాల్సినవి

ప్రతి వరుస పక్కనా వాడిన నియమం పేరు రాయండి. మొదటి రెండు మూడు రోజులు విసుగ్గా ఉంటుంది, తర్వాత రాయాల్సిన పని ఉండదు.

1. సూక్ష్మీకరించండి: 4(2య − 3) − 5(య − 1)
2. సాధించండి: 6య + 5 = 2య − 11
3. సాధించండి: 3(య − 4) = 7 − (య + 3)
4. సాధించండి: (2య − 1)/3 − (య − 3)/2 = 2
5. ఒక రెండంకెల సంఖ్యలో అంకెల మొత్తం 11. అంకెలు తిరగేస్తే వచ్చే సంఖ్య మొదటిదానికంటే 27 ఎక్కువ. ఆ సంఖ్య ఏది?

జవాబులు: మొదటిది 3య − 7. రెండోది −4. మూడోది 4, సరిచూస్తే రెండు వైపులా 0 వస్తుంది. నాలుగోది 5. అయిదోదానికి పదుల స్థానంలోని అంకెను య అనుకోండి, ఒకట్ల స్థానంలో 11 − య ఉంటుంది. సంఖ్య 10య + (11 − య), అంటే 9య + 11. తిరగేస్తే 10(11 − య) + య, అంటే 110 − 9య. రెండోది 27 ఎక్కువ కాబట్టి 110 − 9య = 9య + 11 + 27. దీన్నుంచి 18య = 72, య = 4. సంఖ్య 47, తిరగేస్తే 74.